ముక్కుకు కట్టిన కొంగు

మా ఇంట్లో దేవుడి పూలు ఎవరూ వాసన చూడరు. కార్వాన్‌లో మా గల్లీ చివర ఒక పాత గుడి ఉంది. అందులో దండలు కట్టే సేవ మా నాయనమ్మ కాలం నుంచీ మాదే. దేవుడి మెడలో పడబోయే పువ్వును మనిషి ముందే వాసన చూస్తే అది ఎంగిలి. ఈ మాట చాలామంది చెబుతారు. మా నాయనమ్మ దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లింది. ఊపిరి తగిలినా ఎంగిలేనంది. అందుకని దండలు కట్టడానికి కూర్చునే ఆడవాళ్లందరం చీర కొంగును ముక్కు మీదుగా లాగి, తల వెనక ముడి వేసుకునేవాళ్లం. తెల్లవారుజామున ఎవరైనా కొత్తవాళ్లు గుడి మండపంలోకి తొంగి చూస్తే దొంగల ముఠా అనుకుని జడుసుకునేవాళ్లు.

మేం అయిదుగురం. అందరిలోకీ వయసులో పెద్దావిడను పెద్దమ్మ అనేవాళ్లం. వరసకు ఆమె ఎవరికీ పెద్దమ్మ కాదు. గొంతును బట్టి వచ్చిన పెద్దరికం అది. నా పక్కన గాజుల దుకాణం ఆయన భార్య కూర్చునేది. ఆమెకు నోరు ఆగదు, కొంగు కట్టినా ఆగదు. కొంగు వెనక నుంచి వచ్చే మాటలు సగమే వినబడతాయి గనక మిగతా సగం కళ్లతో చెప్పుకునేవాళ్లం. ఏళ్ల తరబడి నేను ఆ ఆడవాళ్లను ముక్కు పైభాగం వరకే చూశాను. ఒకసారి బేగంబజార్‌లో గాజులామె ఎదురుపడి నవ్వితే ఈవిడెవరబ్బా అనుకున్నాను. ఆమె పైపళ్ల మధ్య సందు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

నాకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగినవాళ్లకు ఎప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నాన్న ముందే పోయాడు. తొంభైల మొదట్లో అమ్మా పోయింది. రెండు గదుల ఇల్లు, ముందొక అరుగు, నేను. నదికి అవతల ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టును. ఆఫీసులో నాతో మాట్లాడేవాళ్లు లేరని కాదు. "ఇది మూడు కాపీలు కావాలి", "అది ఎప్పుడైపోతుంది", ఇవీ మాటలే. కానీ రాత్రి నిద్ర పట్టిందా, కూరేం వండుకున్నావు, ఆ చీర ఎక్కడ కొన్నావు అని ఒక మనిషి అడగాలంటే మాత్రం నాకు ఆ మండపమే దిక్కు. రోజు మొత్తంలో నేను మనుషుల్లో ఉండే సమయం అదొక్కటే. భక్తి లేదని అనను. కానీ భక్తి కోసమే అయితే ఇంట్లో పటం ముందు కూర్చున్నా సరిపోయేది.

దమ్ము తొంభైల నడుమ మొదలైంది. మొదట పొడి దగ్గు, తర్వాత ఛాతీలో పిల్లికూతలు, ఆ తర్వాత తెల్లవారకముందే లేచి మంచం మీద ముందుకు వంగి కూర్చోవడం. మాట్లాడితే ఊపిరి చాలదు. పక్కన ఎవరూ లేరు గనక మాట్లాడే అవసరమూ ఉండేది కాదు. అంతవరకు నయమే.

తిరగని చోటు లేదు. అడ్డసరపు ఆకు కషాయం తాగాను. పెరుగు మానేశాను, అరటిపండు మానేశాను, చల్లనీళ్లు మానేశాను. ఇంకా మానేయడానికి ఏమీ మిగలక అన్నం మానేద్దామా అని కూడా అనుకున్నాను. మృగశిర నాడు చేప మందు మింగాను. దాని సంగతి నమ్మేవాళ్లకే వదిలేస్తాను. పెద్ద డాక్టర్ల దగ్గరికి వెళితే ఒక గొట్టం చేతికిచ్చి గట్టిగా ఊదమనేవాళ్లు. ఊదేదాన్ని. నా నంబరు వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది, ఆ వేళకు ఛాతీ కాస్త తేలికపడేది. గొట్టం మీది సూది బాగానే పైకి లేచేది. "ఊపిరితిత్తులు బాగున్నాయమ్మా, ఏం లేదు" అనేవాళ్లు.

ఏం లేకపోతే పిల్లికూతలు ఎక్కడివి? ఒక డాక్టరు నా వయసు అడిగి, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగి, ఎవరూ ఉండరని చెప్పాక, చీటీ మీద ఏదో రాస్తూ, "ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు ఇలాంటివి వస్తుంటాయి. మనసు మళ్లించుకోండి" అన్నాడు. ఆ చీటీ మెట్లు దిగుతూ చింపేశాను. ఒంటరిగా ఉంటే ఏడుపు వస్తుంది, నాకు తెలుసు. పిల్లికూతలు రావు.

అయినా ఆ మాట లోపల ఎక్కడో దిగబడింది. అది అబద్ధమని రుజువు చేయడానికి నా దగ్గర ఏమీ లేదు. నా రోగం నేను చెబితే తప్ప ఇంకెవరికీ కనబడదు. ఊదితే కనబడదు, ఎక్స్‌రేలో కనబడదు. చూసేవాళ్లు ఇంట్లో ఉంటే సాక్ష్యం చెప్పేవాళ్లు. కనబడని రోగం ఉన్న ఒంటరి మనిషి మాటను ఎవరు నమ్ముతారు? ఆ పదేళ్లలో నన్ను దమ్ము కన్నా ఎక్కువ బాధపెట్టింది అదే.

మండపంలో మాత్రం నమ్మేవాళ్లు. నేను దగ్గితే గాజులామె చేతిలో నార పక్కన పెట్టి వీపు నిమిరేది. పెద్దమ్మ ఇంటి నుంచి చిన్న సీసాలో మిరియాల కషాయం తెచ్చేది. "తాగు బిడ్డా. ఫికర్ చెయ్యకు, పోతది" అనేది. బతుకమ్మ రోజుల్లో మరీ ఎక్కువయ్యేది. ఆ తొమ్మిది రోజులూ మండపం నిండా బంతులు, చామంతులు గుట్టలు పోసి ఉండేవి. దేవుడి దండలతో పాటు గల్లీ వాళ్ల బతుకమ్మలకూ మేమే పూలు సర్దేవాళ్లం. చలిగాలి మొదలైంది గదా, అందుకే దమ్ము లేస్తున్నదని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. అప్పట్లో పాతబస్తీలో అప్పుడప్పుడు కర్ఫ్యూ పెట్టేవాళ్లు. ఆ రోజుల్లో పూల మార్కెట్ బంద్ ఉండేది. దేవుడికి గుడి పెరట్లోని తులసితోనే గడిచిపోయేది. ఆ రోజుల్లో నాకు ఊపిరి హాయిగా ఆడేది. బయట బండ్లు తిరగడం లేదు, పొగ లేదు, అందుకే అనుకున్నాను. బుద్ధి ఎంత దూరమైనా తిరుగుతుంది గానీ, రోజూ కూర్చునే చోటికి మాత్రం రాదు.

రెండువేలు దాటి కొన్నేళ్లయ్యాక, ఆఫీసులో ఒకావిడ సంతోష్‌నగర్‌లో కొత్తగా క్లినిక్ పెట్టిన లేడీ డాక్టర్ గురించి చెప్పింది. ఊపిరిలోనే రోగం కనిపెట్టే మిషను తెచ్చిందట. రెండు బస్సులు మారి వెళ్లాను. కోస్తా వైపు మనిషి. నాకన్నా పదేళ్లు చిన్నది. ముక్కు మీద కళ్లద్దాలు జారిపోతుంటే వేలితో నెట్టుకుంటూ మాట్లాడేది. ముందురోజు పాలకూర గానీ, మరే ఆకుకూర గానీ తినొద్దని, వచ్చే ముందు టీ కూడా తాగొద్దని ఫోన్లోనే చెప్పించింది. ఆకుకూరకూ ఊపిరికీ సంబంధం ఏమిటో అనుకున్నాను. అవి తింటే మిషనులో లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుందట. పదేళ్లుగా పథ్యం పేరుతో నేను తిన్నదంతా ఆకుకూరలే.

మిషను చిన్నదే, రేడియో అంత ఉంటుంది. మూతిగొట్టం నోట్లో పెట్టుకుని నిండుగా గాలి పీల్చి, మెల్లగా ఒకే తీరుగా వదలాలి. నేను అలవాటు కొద్దీ గట్టిగా ఊదాను. మిషను అరిచింది.

"గట్టిగా వద్దండీ. వేడిపాలు చల్లార్చేటప్పుడు ఎలా ఊదుతారు? అలాగ" అంది డాక్టర్.

అలాగే ఊదాను. తెర మీద ఒక గీత రెండు గీతల మధ్య వణుకుతూ నడిచింది. కాసేపాగి ఒక అంకె వచ్చింది. డాక్టర్ దాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ ఊదమంది. మళ్లీ అంతే వచ్చింది. వందకు కాస్త తక్కువ.

"పాతికలోపు ఉంటే భయం లేదంటాం. మీకు ఇంతుంది" అంది. "ఊపిరి గొట్టాల లోపల వాపు ఉంటే, మనం వదిలే గాలిలో ఒక వాయువు ఎక్కువగా వస్తుందండీ. గట్టిగా ఊదే పరీక్షలో గొట్టం ఎంత వెడల్పుగా ఉందో తెలుస్తుంది. లోపల గోడ వాచి ఉందా లేదా అన్నది ఇందులో తెలుస్తుంది. మీ గోడ బాగా వాచి ఉంది. సాధారణంగా ఎలర్జీ ఉన్నవాళ్లకు ఇలా ఉంటుంది."

"అంటే రోగం ఉన్నట్టేనా మేడం?"

"ఉందండీ."

అక్కడే కళ్లనీళ్లు పెట్టుకున్నాను. డాక్టర్ కంగారుపడి, ఇది మందులతో తగ్గేదేనని ధైర్యం చెప్పింది. ఆవిడకు అర్థం కాలేదు. నేను ఏడ్చింది భయంతో కాదు. నా మాట నిజమని పదేళ్ల తర్వాత ఒక పెట్టె చెప్పింది. సొంత మనిషి కన్నా మేలు చేసింది.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంట్లో పిల్లులున్నాయా, కుక్కలున్నాయా, మిద్దె మీద పావురాలున్నాయా, పరుపు ఎన్నేళ్లది, గోడలకు చెమ్మ ఉందా, బొద్దింకలున్నాయా. చివరికి, "పూలు వాసన చూసే అలవాటుందా? తలలో పెట్టుకుంటారా?" అని అడిగింది.

"లేదు మేడం. నేను పూలు వాసన చూడను, పెట్టుకోను" అన్నాను.

నిజమే చెప్పాను. అమ్మ పోయాక తలలో పూలు పెట్టుకోవడం మానేశాను. వాసన చూడడం మా వంశంలోనే లేదు. డాక్టర్ రాసుకుంది. పాత పరుపు తీసేయమంది, గదులు తడిగుడ్డతో తుడవమంది. నోట్లోకి కొట్టుకునే పంపు ఇచ్చింది, వాపు తగ్గడానికి. పంపు అలవాటైతే చచ్చేదాకా వదలదని గల్లీలో అందరూ అనేవాళ్లు. అయినా వాడాను. ఒక్క పూట మానకుండా వాడాను, కొట్టుకున్నాక నోరు పుక్కిలించాను. పరుపు చెత్తబండి వాడికి ఇచ్చేసి చాప మీద పడుకున్నాను.

నెల రోజుల తర్వాత వెళ్లి ఊదితే అంకె కొద్దిగానే దిగింది. డాక్టర్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "పంపు రోజూ వాడుతున్నారాండీ?" అంది. అడిగిన తీరు నాకు నచ్చలేదు. వాడుతున్నానన్నాను. "ఎలా కొట్టుకుంటారో చూపించండి" అంది. చూపించాను. తప్పు లేదు. అయినా ఆవిడ మొహంలో అనుమానం పోలేదు. ఇంటికి వచ్చే బస్సులో దారి పొడుగునా కోపంగానే ఉన్నాను. నమ్మిన ఒక్క డాక్టరూ మళ్లీ నమ్మడం మానేసిందని బాధ.

ఆ తర్వాత జహనుమాలో ఉండే మా పెదనాన్న పోయాడు. పెద్ద వయసే. మైల వచ్చింది. మైల ఉన్నన్నాళ్లూ మా ఇంటి పేరువాళ్లెవరూ గుడి గడప తొక్కకూడదు, దేవుడి పూలు ముట్టకూడదు. నేను రోజూ తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, ఎక్కడికీ పోయే పని లేక గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. వెనక మసీదులో అజాన్ అయ్యేది. ఎదురింటి వాకిట్లో నీళ్లు చల్లే చప్పుడు వినబడేది. మండపంలో ఈ వేళకు పెద్దమ్మ గాజులామెను కసురుకుంటూ ఉంటుంది అనుకునేదాన్ని. పెదనాన్న పోయినందుకు ఏడ్చిన దానికన్నా ఆ పొద్దులను తల్చుకుని ఎక్కువ ఏడ్చానంటే అది సిగ్గుపడాల్సిన మాటే. కానీ నిజం. శుద్ధి స్నానం ఎప్పుడవుతుందా అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

ఊపిరి బాగుందన్న సంగతి అప్పుడు పట్టించుకోలేదు. ఒంట్లో బాగుంటే ఎవరు గమనిస్తారు?

మైల ఇంకా తీరకముందే డాక్టర్ ఇచ్చిన తారీఖు వచ్చింది. మైలలో దేవుడి గుడికి పోకూడదు గానీ డాక్టర్ దగ్గరికి పోవచ్చు. వెళ్లి ఊదాను. అంకె సగానికి పైగా పడిపోయింది. డాక్టర్ మొహం వెలిగింది.

"చూశారా! ఇప్పుడు పంపు సరిగ్గా వాడుతున్నారన్నమాట."

"అప్పుడు కూడ వాడిన మేడం. గప్పుడు మీరు నమ్మలే" అన్నాను. కోపంలో ఆఫీసు భాష పోయి ఇంటి భాష వచ్చేసింది.

డాక్టర్ కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, "సరేనండీ, నమ్ముతున్నాను. అయితే ఈమధ్య ఇంకేం మారింది? కొత్తగా ఏం చేశారు?" అంది.

"కొత్తగా ఏం చెయ్యలే. ఉన్నది కూడ చెయ్యలే. మా పెదనాయన పోయిండు. మైల గదా, గుడికి పోలే."

"గుళ్లో ఏం చేస్తారు?"

"దండలు కడత."

ఆవిడ చేతిలో కలం ఆగిపోయింది. "పూలదండలా? మరి మొదటిరోజు నేను పూల గురించి అడిగితే లేదన్నారు కదండీ?"

"వాసన చూస్తరా అనడిగిన్రు. దేవుని పూలు మేం వాసన చూడం మేడం. ఊపిరి కూడ తగలనియ్యం. ముక్కుకు కొంగు కట్టుకుంటం."

"ఆ కొంగు తర్వాత ఏం చేస్తారు?"

"ఏం జేస్తం, భుజం మీద వేసుకుంటం. నేను అటునుంచి అటే ఆఫీసుకు పోత."

డాక్టర్ నవ్వలేదు. నవ్వి ఉంటే నేను లేచి వచ్చేసేదాన్ని. పువ్వులోని దుమ్ముకు వాసనతో పని లేదని నెమ్మదిగా చెప్పింది. అది కంటికి కనబడనంత సన్నంగా ఉంటుంది. గుడ్డలోంచి దూరుతుంది, గుడ్డలోనే నిలిచిపోతుంది. నేను ఎంగిలి కాకూడదని ముక్కుకు అడ్డం కట్టుకున్న కొంగునే సాయంత్రం దాకా భుజం మీద వేసుకుని పీలుస్తూ ఉన్నాను. మా నాయనమ్మ పువ్వును నా ఊపిరి నుంచి కాపాడింది. నా ఊపిరిని పువ్వు నుంచి కాపాడాలని ఆమెకు ఎట్లా తోస్తుంది?

తేల్చుకోవడానికి చేతి మీద పరీక్ష చేస్తానని, కట్టే పూలన్నీ ఒక్కొక్కటి తెమ్మని చెప్పింది. దేవుడి గంపలోంచి తీయడానికి మనసొప్పక మార్కెట్లో విడిగా కొన్నాను. మల్లె, లిల్లీ, కనకాంబరం, బంతి, చామంతి, వేర్వేరు మోదుగాకు పొట్లాలు కట్టి తీసుకెళ్లాను. ఆ పొట్లాలు పట్టుకున్న చేతిని బస్సులో కిటికీ బయట పెట్టుకున్నాను. డాక్టర్ సూదిని ముందు పువ్వులో గుచ్చి, తర్వాత నా ముంజేతి మీద గీరింది. పక్కన పెన్నుతో గుర్తులు పెట్టింది. ఇద్దరం ఎదురుచూశాం. మల్లె దగ్గర ఏమీ లేదు. లిల్లీ దగ్గర ఏమీ లేదు. బంతి దగ్గర చీమ కుట్టినంత లేచింది. చామంతి దగ్గర రూపాయి బిళ్ల అంత దద్దురు లేచి, చుట్టూ ఎర్రగా పాకింది. దురద ఆగలేదు.

"రోడ్ల పక్కన తెల్లపూల పిచ్చిమొక్క ఉంటుంది చూడండీ, వయ్యారిభామ, అదీ ఇదీ ఒక జాతే" అంది డాక్టర్. "చామంతి, బంతి మానెయ్యాలి. మల్లెలు కట్టుకోండి, ఫర్వాలేదు."

"సరే మేడం. నేను మల్లెలే కడత. మిగిలినయి వాళ్లు కడతరు."

"వాళ్ల దగ్గర కూర్చోకూడదండీ. ఆ దుమ్ము మండపమంతా ఉంటుంది. అసలు ఆ వేళకు అక్కడికి వెళ్లకూడదు."

చామంతి మానెయ్యమంటే నాకేం బాధ లేదు. దానిమీద నాకు ప్రేమ ఉండి కాదు. కానీ అక్కడ కూర్చోకూడదన్న మాట వినేసరికి ఛాతీ పట్టేసింది. అది ఎలర్జీ కాదు. ఆ రోజు ఆ మిషనులో ఊదినా అంకె ఏమీ చూపించేది కాదు.

శుద్ధి అయ్యాక ఒక సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. గాజులామె కూడా అక్కడే ఉంది. చెప్పాను. వాళ్లు నమ్మరేమో, దేవుడి పూలకు దోషం అంటగడుతున్నావని తిడతారేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నేనూ తిరిగి తిట్టి, మొండికేసి వెళ్లి కూర్చునేదాన్ని. పెద్దమ్మ నా ముంజేతి మీద సూది గీరిన మచ్చను వేలితో తడిమి చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఇన్నేండ్లు మా నడుమనే కూసోని చచ్చినవా బిడ్డా" అంది. "వద్దు. నువ్వింక రాకు. ఇంట్ల కూసోని మల్లెలు కట్టు. నీ సేవ యాడికి పోదు."

"నేను దూరంగ కూసుంట పెద్దమ్మా. తలుపు కాడ."

"తలుపు కాడ గాలి రాదా ఏంది? మేం చేతులార నీ పానం తీస్తమా?"

అంతే. పంచాయితీ అయిపోయింది.

మర్నాటి నుంచి ఇంట్లోనే మల్లెలు కట్టడం మొదలుపెట్టాను. మార్కెట్ నుంచి వచ్చిన గంపలోంచి నా వంతు మల్లెలు గాజులామె తెచ్చి మా అరుగు మీద పెట్టేది. తలుపు తెరిచేసరికి ఆమె మెట్లు దిగి గల్లీలో ఉండేది. "పెట్టిన అక్కా" అని అక్కడి నుంచే కేకేసేది.

ఒకరోజు ముందే తలుపు తీసి నిలబడ్డాను. "జర లోపలికి రా. చాయ్ పెడత" అన్నాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దక్కా. ఇప్పుడే గంపలు దించిన. నా చీర నిండ చామంతి దుమ్మే ఉన్నది. నేనొస్తే నీకు దమ్ము లేస్తది."

"పోనీ గక్కడ్నే నిలబడి మాట్లాడు."

నిలబడింది. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఆమె మాటలన్నీ చేతుల్లో పని ఉన్నప్పుడు వచ్చేవి. నడి గల్లీలో నిలబెట్టి మాట్లాడమంటే ఎలా వస్తాయి? నల్లాలో నీళ్లొచ్చాయా అని అడిగింది. వచ్చాయన్నాను. పెద్దమ్మ ఎదురుచూస్తుందని వెళ్లిపోయింది. కట్టిన దండను గుడి గుమస్తా వచ్చి పళ్లెంలో పెట్టుకుని తీసుకుపోయేవాడు. నా దండ గుడికి వెళ్లేది. గుడిలో మాట ఒక్కటీ నా దగ్గరికి వచ్చేది కాదు. ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఎవరింట్లో లొల్లి అయిందో నాకు తెలియడం ఆగిపోయింది. పంపు వాడుతూనే ఉన్నాను. రాత్రి పిల్లికూతలు లేవు. పొద్దున్న దగ్గు లేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నా దగ్గే ఇంట్లో చప్పుడు.

ఆ ఏడాది బతుకమ్మ వెళ్లాక ఊదితే అంకె పాతిక కన్నా కిందికి దిగింది. డాక్టర్ సంబరపడి, మిషను నా వైపు తిప్పి చూపించింది. "ఇంత బాగా తగ్గినవాళ్లు తక్కువండీ. మీకు ఆనందంగా లేదా?" అంది.

"ఊపిరి మంచిగున్నది మేడం. మాట్లాడే మనిషే లేదు" అన్నాను.

దానికి డాక్టర్ దగ్గర మిషను లేదు. పంపు మోతాదు తగ్గించి, ఆర్నెల్ల తర్వాత రమ్మంది.

ఉండబట్టలేక ఒకరోజు తెల్లవారుజామున మండపం దాకా వెళ్లాను. కూర్చుందామని కాదు, చూసి వద్దామని. గడప దగ్గర నా నీడ పడగానే గాజులామె చూసింది. కళ్లు పెద్దవి చేసి పక్కనున్నవాళ్లకు సైగ చేసింది. నలుగురూ చేతుల్లో దండలు కింద పెట్టేశారు. ఒకామె నీళ్ల తొట్టిలోంచి గోనెపట్టా తీసి, నీళ్లు పిండి, చామంతి గంప మీద కప్పింది. ఇంకొకామె ఒళ్లో పూలను కొంగులో మూటగట్టింది. రేకలు కదిలితే దుమ్ము లేస్తుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. కొంగుల పైన నాలుగు జతల కళ్లు నన్నే చూస్తున్నాయి. నా మీద ప్రేమ తప్ప ఆ కళ్లలో ఇంకేమీ లేదు.

"పో బిడ్డా, జల్ది పో. నీ దమ్ము ఖరాబైతది" అంది పెద్దమ్మ.

పూజారి లోపలి నుంచి వచ్చి, దండ ఇంకా కాలేదా అని అడిగి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. నేను కదిలితే గానీ వాళ్ల చేతులు కదిలేలా లేవు. దేవుడి దండ నా వల్ల ఆలస్యమవుతోంది. వెనక్కి తిరిగి వచ్చేశాను. గల్లీ మలుపు తిరిగాక మండపంలోంచి మళ్లీ మాటలు వినిపించాయి. గాజులామె గొంతు అన్నిటికన్నా పైన ఉంది.

అప్పటి నుంచీ వాళ్లు పని ముగించి ఇళ్లకు వెళ్లిపోయాకే గుడికి వెళ్తున్నాను. ఏ రోజు వెళ్లినా మండపం కడిగి ఉంటుంది. రాళ్ల సందుల్లో కూడా ఒక్క రేక కనబడదు. నేను కూర్చున్న రోజుల్లో చీపురుతో ఊడ్చి వదిలేసేవాళ్లం. కొత్తగా ఈ కడగడం ఏమిటని పూజారిని అడిగాను.

"నువ్వొస్తవని రోజూ నీళ్లు పోసి కడిగి పోతున్నరమ్మా" అన్నాడు. "ఆఖరికి పెద్దమ్మనే వంగి చూస్తది, యాడనన్న రేక ఉన్నదా అని."

ఆ తడి రాళ్ల మీద, నేను ఎప్పుడూ కూర్చునే చోట కాసేపు కూర్చున్నాను. ఊపిరి బాగానే ఆడుతోంది.